చెవి కింది గీత

ఫిట్సనులోక్‌లో బిళ్ళల బజారు ఏటిగట్టు మీద ఒక పాత మేడ పై అంతస్తులో ఉంటుంది. బుద్ధుడి బొమ్మ అచ్చుగుద్దిన బొటనవేలి గోరంత మట్టిబిళ్ళలు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, కొనకుండా అమ్మకుండా ఊరికే తల పంకించేవాళ్ళు పొద్దున్నించి సాయంత్రందాకా అక్కడ వంచిన మెడ ఎత్తరు. ప్రతివాడి మెడలోనూ గొలుసుకి ఒక భూతద్దం వేలాడుతుంటుంది. అది లేకుండా మెట్లెక్కడానికే సిగ్గుపడతారు. ఒక్క విరోత్ మెడలోనే భూతద్దం ఉండేది కాదు. అది లేకపోవడమే అతని పేరు, పరపతి, అన్నం, చొక్కా అన్నీ.

ఏటవతలి బౌద్ధారామంలో ఒకప్పుడుండే పెద్దస్వామి తన చేత్తో పంచిన బిళ్ళలంటే మా ఊళ్ళో ప్రాణం పెడతారు. ఆయన పోయాక ఆ బిళ్ళలకి విలువ పెరిగింది, విలువతోపాటు దొంగబిళ్ళలూ పెరిగాయి. అసలుదానికి బుద్ధుడి ఎడమచెవి కింద వెంట్రుకంత సన్నని గీత ఒకటి ఉంటుంది. దొంగబిళ్ళ చేసేవాడు చెవి దించగలడు, ముక్కు దించగలడు, ఆ గీత మాత్రం వాడి చేతికి లొంగదు. పెద్దస్వామి తన గోటితో గీశాడని, మనిషన్నవాడివల్ల అది అయ్యే పని కాదని భక్తులంటారు. కుర్రతనంలో విరోత్ ఒకరోజు నలుగురి మధ్య నిలబడి, భూతద్దం అనేది తెలియనివాడికి ఊతకర్ర అని ప్రకటించి, బిళ్ళని ముక్కుకి నాలుగువేళ్ళ దూరంలో పెట్టుకుని, రెప్ప వేసేలోపల గీత ఉందని చెప్పేశాడు. మిగతావాళ్ళు భూతద్దాలు పెట్టి చాలాసేపు వెతికి, ఉందనే ఒప్పుకున్నారు. అప్పట్నించి అతను ఉత్తకన్ను విరోత్ అయ్యాడు. నిజానికి ఇందులో మహిమేమీ లేదు. పాతికేళ్ళవాడి కన్ను ఎవరిదైనా ఆ పని చేస్తుంది. కాకపోతే మిగతా పాతికేళ్ళవాళ్ళకి ఆ సంగతి చెప్పుకోవాలని తట్టలేదు.

యాభై దగ్గరపడే రోజుల్లో చూపు ఆనడం మానేసింది. మొదట నూడుల్స్ కొట్లో ధరల పట్టీ మసకబారింది. కొట్టువాడు కక్కుర్తిపడి చవక సిరా వాడాడని విరోత్ తిట్టుకున్నాడు. తర్వాత ఫోనులో అక్షరాలు చీమల్లా పాకాయి, దానికి ఫోను చేసినవాణ్ణి తిట్టాడు. ఒకసారి లాటరీ టిక్కెట్టు మీద మూడుని ఎనిమిదిగా చూసి, బహుమతి తగిలిందని బజారందరికీ ఐస్ కాఫీ పోయించాడు. ఆ రాత్రి భార్య లమై టిక్కెట్టు చూసి నిజం చెప్పాక ఎవరిని తిట్టాలో అతనికి తోచలేదు.

లమై ఆ మేడమెట్ల కిందే మల్లెమొగ్గల దండలు గుచ్చి అమ్ముతుంది. సూదిలో దారం ఎక్కనన్న రోజునే ఆవిడ శుక్రవారం సంతకి వెళ్ళి గులాబీరంగు కళ్ళజోడొకటి కొనుక్కుని, తాడు కట్టి మెడలో వేసుకుని, దాని గురించి మర్చిపోయింది. అదే మొగుడి చేతికిచ్చి పెట్టుకుని చూడమంది. అతను పామునిచ్చినట్టు వెనక్కి జరిగాడు. అతని భయం అర్థంలేనిదేం కాదు. భూతద్దం పట్టుకున్నవాడు పండితుడు, కళ్ళజోడు పెట్టుకున్నవాడు ముసలాడు. ఇది మా బజారు చట్టం. అద్దం రెండింట్లోనూ ఒకటే కదా అని అడిగే తీరిక ఎవరికీ లేదు. సంగోప్ అని బిళ్ళల మంచిచెడ్డలు తేల్చే ఒక పెద్ద పారఖీ ఉండేవాడు. ఒక వర్షాకాలంలో కళ్ళజోడుతో మెట్లెక్కాడు. సంగోప్ కన్ను చచ్చిపోయిందట అన్నారు, అతని బల్ల దగ్గరికి పురుగు కూడా పోలేదు. ఇప్పుడు బస్టాండు దగ్గర కొబ్బరినీళ్ళు అమ్ముకుంటున్నాడు.

చివరికి విరోత్ ఎవరికీ తెలియకుండా బస్సెక్కి నఖోన్ సవాన్‌దాకా వెళ్ళి ఒక కళ్ళ డాక్టరమ్మకి చూపించుకున్నాడు. ఆవిడ పరీక్షచేసి, జబ్బేమీ లేదు, చత్వారం అని చెప్పింది. కంట్లో చిన్న కటకం ఒకటి ఉంటుందట. దూరం చూసేటప్పుడు పల్చబడుతుందట, దగ్గర చూడాలంటే ఉబ్బాలట. పొద్దున వండిన జిగురన్నం ముద్ద ఎటు నొక్కితే అటు వస్తుంది, సాయంత్రానికి గట్టిపడి ఎంత నొక్కినా రాదు, మీ కటకానికి ఇప్పుడు సాయంత్రం అయింది అంది. దూరపు చూపు మాత్రం నిక్షేపంలా ఉందని మెచ్చుకుంది. ఇది ఎలాంటివాళ్ళకి వస్తుందని అతను అడిగాడు. నలభై దాటిన ప్రతివాళ్ళకీ వస్తుందని, కొందరికి కాస్త ముందూ కొందరికి కాస్త వెనకా తప్ప తప్పించుకున్నవాడు లేడని ఆవిడ ఓదార్చింది. ఆ ఓదార్పుకి విరోత్‌కి తలకొట్టేసినట్టయింది. ఏదైనా అపురూపమైన రోగమైతే కనీసం గొప్పగా చెప్పుకునే వీలుండేది. ఊళ్ళో గాడిదలు కాసేవాడికీ వచ్చేదే తనకీ వచ్చిందంటే ఎవరితో చెప్పుకుంటాడు? ఆవిడిచ్చిన కళ్ళజోడుని తిరుగు బస్సులో సీటు మీద మర్చిపోయాడు. మర్చిపోయే ముందు ఎవరూ చూడటంలేదని రెండుసార్లు చూసుకున్నాడు.

ఇక మిగిలింది చెయ్యి చాపడమే. బిళ్ళని చెయ్యి పొడుగునా ముందుకు చాపితే మసక కొంత తగ్గేది. గీత కనిపించేది కాదు, అంత దూరంనుంచి అది ఏ కన్నుకైనా కనిపించదు, కానీ బుద్ధుడు బుద్ధుడిలా ఉండేవాడు. ఒకనాడు అతని శిష్యుడు కుంగ్ ఇది గమనించి, గురువుగారు ఇదివరకు ముక్కుదగ్గర పెట్టుకునేవారు కదా, ఇప్పుడెందుకు చాపుతున్నారని అమాయకంగా అడిగాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. విరోత్ కళ్ళకి యాభై దగ్గరపడ్డాయి. అయితే నోరు మాత్రం ఇంకా పాతికేళ్ళ వయసులోనే ఉంది.

"దగ్గర పెడితే మట్టి కనిపిస్తుందిరా," అన్నాడు. "దూరం పెడితే స్వామి కనిపిస్తాడు."

కుంగ్ కళ్ళు చెమర్చాయి. సాయంత్రానికి ఆ ముక్క బజారంతా పాకింది. మర్నాడు పొద్దున బల్లల మధ్య ఎటు చూసినా చాపిన చేతులే. సందుల్లో మనిషి నడవలేకపోయాడు, ఒకడి మోచెయ్యి తగిలి ఇంకొకడి కాఫీ ఒలికింది. కుంగ్ ముప్పై అయిదేళ్ళవాడు, గద్దకళ్ళు. దగ్గరికి తెచ్చుకుంటే గీత కాదు, గీత పక్కన ఇరుక్కున్న దుమ్ము కూడా చెప్పగలడు. అలాంటివాడు చెయ్యి చాలలేదని వెదురు పటకారు ఒకటి చేయించుకుని, దాని చివర బిళ్ళ బిగించి మరింత దూరంనుంచి చూస్తూ, తనకి స్వామి ఇంకా కనపడటంలేదని, తన సాధన చాలలేదని కుమిలిపోయేవాడు. మూడు నెలలు తిరక్కముందే ఆ పటకార్లు బజార్లో అమ్మకానికొచ్చాయి. 'విరోత్ పద్ధతి' అని వీపు మీద రాసిన చొక్కాలొచ్చాయి. ఏటేటా జరిగే బిళ్ళల పోటీలో పెద్దస్వామి బిళ్ళల బల్ల దగ్గర భూతద్దంగానీ కళ్ళజోడుగానీ వాడకూడదని, చెయ్యి చాపి ఉత్తకంటితోనే తేల్చాలని సంఘం తీర్మానం చేసింది. తీర్మానం కింద మొదటి సంతకం విరోత్‌దే. సంతకం ఎక్కడ పెట్టాలో కుంగ్ వేలు పెట్టి చూపించాడు.

మరి కనపడనివాడు నిజం ఎలా చెబుతున్నాడంటారా? విరోత్ బిళ్ళని చూడటం ఎప్పుడో మానేశాడు. బిళ్ళ తెచ్చినవాడి మొహం చూసేవాడు. మొహం బల్లకి అవతల ఉంటుంది, అక్కడ అతని చూపుకి ఢోకా లేదు. దొంగబిళ్ళ తెచ్చినవాడు అడగకుండానే వాళ్ళ తాత కథ మొదలుపెడతాడు. అసలుది తెచ్చినవాడు బిళ్ళమీంచి కళ్ళు తిప్పడు, విరోత్ వేళ్ళు కాస్త వదులైతే వాడి ప్రాణం పోతుంది. ఇలా చెప్పిన తీర్పులు నూటికి తొంభై సరిపోయేవి. దాంతో అతనికే తనమీద గురి కుదిరింది, నిజంగానే స్వామి కనపడుతున్నాడేమో అనుకున్నాడు.

అలా ఉండగా ఆరామంవాళ్ళు పెద్దస్వామి పేరున కొత్త మందిరం కట్టారు. పోటీలో నిలిచిన అసలు బిళ్ళల్ని అక్కడ అద్దాలపెట్టెల్లో ఉంచుతారని, ఇచ్చినవాళ్ళ పేరూ, ఆ బిళ్ళ వాళ్ళకెలా వచ్చిందో ఆ కథా గోడమీద చెక్కిస్తారని చెప్పారు. అది విన్నప్పట్నించి లమైకి నిద్ర పట్టలేదు.

ఆవిడ తండ్రి బున్‌సొంగ్ పడవలు బాగుచేసుకుని బతికినవాడు. పెద్దస్వామి బిళ్ళలు అచ్చుగుద్దిన రోజుల్లో కుర్రవాడిగా మట్టి పిసికింది తనేనని, అచ్చులో అంటుకున్న మట్టి గీకుతుంటే చాకు జారి చెవికింద గాటు పడిందని, తను ఏడుస్తుంటే పెద్దస్వామి నవ్వి, ఆ గాటుతో వచ్చిన మొదటి బిళ్ళని తన అరచేతిలోనే పెట్టాడని చచ్చేదాకా చెప్పాడు. ఒక్కడూ నమ్మలేదు. స్వామి గోటితో గీసిన గీత పడవలవాడి చాకుజారుడంటే ఎవరు ఒప్పుకుంటారు? కల్లుపాక దగ్గర అతన్ని చూస్తే చాలు, ఏం బున్‌సొంగ్ బాబాయ్, ఇవాళ ఏ దేవుడి చెవి కోశావని ఏడిపించేవాళ్ళు. అల్లుడు విరోత్ నవ్వలేదుగానీ, అవునని కూడా అనలేదు. గీత పొరపాటని తేలితే గీతమీద బతికేవాడి గతేం కావాలి? బున్‌సొంగ్ పోతూ పోతూ ఆ బిళ్ళని కూతురి మెడలో కట్టి, నేను అబద్ధమాడలేదమ్మా అన్నాడు. లమైకి కావలసింది ఆ మాట గోడకెక్కడం. అంతకుమించి ఆవిడకి ఏ బహుమతీ వద్దు.

మొగుడికి చెప్పి ఇవ్వచ్చు. కానీ పెళ్ళాం బిళ్ళ గనక పాస్ చేశాడంటారు, మళ్ళీ తండ్రి పేరే నలుగుతుంది. పోటీలో బిళ్ళలకి నంబరు తప్ప పేరుండదు. అందుకని ఆవిడ బిళ్ళని తను మెడలో వేసుకునే గాజుడబ్బీలోంచి తీయించి, పక్కన పళ్ళమ్మే పెద్దమ్మ చేత పోటీలో పెట్టించి, తను మామూలుగా దండలు గుచ్చుకుంటూ కూచుంది. ఇంతకాలం ఇంట్లో తన మెడలో చూసిన బిళ్ళ, గీత ఉన్న బిళ్ళ, ఉత్తకన్ను విరోత్ కనిపెట్టకుండా ఉంటాడా అన్నది ఆవిడ ధీమా.

పోటీరోజున పెద్దస్వామి బల్ల దగ్గర ముగ్గురు న్యాయనిర్ణేతలు. మధ్యలో విరోత్, కుడిపక్క తనోమ్, ఎడమపక్క కుంగ్. తనోమ్ విరోత్‌కన్నా అయిదారేళ్ళు పెద్ద. ఒకప్పుడు అతనికి గట్టి పోటీ, భూతద్దంతో పేరు తెచ్చుకున్నవాడు. జనమంతా చెయ్యి చాపేవాళ్ళ వెంట పోతుంటే తనూ భూతద్దాన్ని సొరుగులో పడేసి చెయ్యి చాపాడు.

బిళ్ళలు పళ్ళేల్లో వరసగా వచ్చాయి. వాటి వెనక మొహాలు లేవు. విరోత్ చెయ్యి చాపాడు. బుద్ధుడు కనిపిస్తున్నాడు, చెవి కనిపిస్తోంది, చెవి కింద పొగమంచు. ఏం చెయ్యాలో తోచక పక్కకి చూశాడు. మొహాలు కావాలంటే పక్కనే రెండున్నాయి. లమై బిళ్ళ వచ్చినప్పుడు తనోమ్ కళ్ళు చికిలించి, నుదురు ముడిచి, పుల్లమామిడికాయ కొరికినట్టు మొహం పెట్టాడు. అది చూసి విరోత్, దొంగదన్నమాట అనుకుని తల అడ్డంగా ఊపాడు. అసలు సంగతేమిటంటే తనోమ్‌కీ చత్వారమే. చికిలిస్తే కనపడుతుందేమోనని చికిలించాడు. కనపడక, విరోత్ తల ఎటు ఊపుతాడా అని కాచుకున్నాడు. అది అడ్డంగా ఊగేసరికి అమ్మయ్య అనుకుని తనూ అడ్డంగా ఊపాడు. కుంగ్ వెదురు పటకారుతో దూరంగా చూసి, గురువులిద్దరికీ కనపడని స్వామి తనకేం కనపడతాడని దొంగదే అన్నాడు.

ఏకగ్రీవం. విరోత్ ఖంగుమని మైకులో చెప్పాడు. "ఈ నంబరు దొంగబిళ్ళ. ఇలాంటివి తెచ్చి పెద్దస్వామి పేరు పాడుచెయ్యొద్దని మనవి." జనం చప్పట్లు కొట్టారు. మెట్లకింద దండలు గుచ్చుతున్న లమైకి మైకులో ప్రతి అక్షరం వినపడింది.

ఆ సాయంత్రం విరోత్ హుషారుగా ఇంటికొచ్చాడు. లమై పొయ్యి దగ్గర ఉంది. గుమ్మంలోంచే అతని చూపు ఆవిడ మెడమీద పడింది. అంత దూరంనుంచి అతనికి అన్నీ బ్రహ్మాండంగా కనపడతాయి.

"నీ మెడలో బిళ్ళేదే?"

లమై చేతులు తుడుచుకుని వచ్చి బిళ్ళని చాప మీద అతని ముందు పెట్టింది. దాని వెనక పోటీవాళ్ళు అంటించిన నంబరు ఇంకా ఉంది.

"నువ్వే చెప్పావుగా దొంగదని. ఇన్నేళ్ళు నీ పక్కన పడుకున్నదాని మెడలోది, దాన్ని కూడా గుర్తుపట్టలేదు."

విరోత్ పోటీ అంటే హడావిడి అని, వెలుతురు సరిగ్గా లేదని, తనోమ్ వల్లే ఇదంతా అని ఏదేదో అన్నాడు. లమై తన మెడలో తాడు తీసి ఆ గులాబీరంగు కళ్ళజోడుని అతని ముక్కుమీద పెట్టింది. వెనక్కి లాగడానికి ఈసారి అతనికి మొహం చెల్లలేదు.

బిళ్ళని దగ్గరికి తెచ్చుకున్నాడు. ఎన్నేళ్ళయిందో అలా చూసి. మట్టిలో గరుకు కనిపించింది, అందులో కలిపిన పూలపొడి ఎర్రగా కనిపించింది. చెవి కింద గీత ఉంది. చాకు మొన ముందు గట్టిగా దిగి, జారి, చివర సన్నబడి పోయినట్టు ఉంది. గోటిగీత అలా ఉండదు. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం. తలెత్తి చూస్తే కళ్ళజోడులోంచి లమై మొహం మసకమసకగా ఉంది, ఆవిడ ఏడుస్తోందో లేదో తెలియలేదు. తెలియకపోవడమే నయమనిపించింది. మామ బతికుండగా ఒక్కసారి కూడా అవునని అననందుకు సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. రేపు పొద్దున సరిచేస్తాను, అందరి ముందూ చెబుతానన్నాడు. లమై సరేనని అన్నం వడ్డించింది.

మర్నాడు బహుమతులిచ్చే రోజు. న్యాయనిర్ణేతలు వెనక గదిలో చేరి బొప్పాయికాయ పచ్చడి, కాల్చిన కోడి తింటున్నారు. విరోత్ బిళ్ళ తీసి బల్లమీద పెట్టి, ఇది మా మామగారిది, నిన్న మనం తప్పుచేశామని చెప్పాడు. ముందు కుంగ్‌ని పిలిచి, నీ కళ్ళు బంగారంరా, ఆ పటకారు అవతల పారేసి దీన్ని ముక్కుదగ్గర పెట్టుకుని చూడమన్నాడు. కుంగ్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నన్ను పరీక్షించకండి గురువుగారూ. ప్రాణం పోయినా పద్ధతి తప్పను."

విరోత్ నెత్తి కొట్టుకుని, జేబులోంచి లమై కళ్ళజోడు తీసి తనోమ్ చేతిలో పెట్టాడు. తనోమ్ తలుపు గడియ వేసి ఉందో లేదో చూసుకుని, కుంగ్‌ని అటు తిరిగి నిలబడమని చెప్పి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. నోట్లో కోడిముక్క నమలడం ఆగిపోయింది.

"ఈ గీత నిన్న లేదు తమ్ముడూ," అన్నాడు మెల్లిగా.

"నిన్నా ఉందన్నా. మనకే కనపడలేదు. నీకూ చత్వారమే, నాకూ చత్వారమే."

తనోమ్ అలాంటి మాటలు వినే మనిషి కాదు. కళ్ళజోడు తీసి తుడిచి తిరిగిచ్చేలోపలే అతని బుర్ర పదిమైళ్ళు పరిగెత్తింది. "నిన్న లేదు, ఇవాళ వచ్చింది. రాత్రికి రాత్రి పెద్దస్వామి వచ్చి గోటితో గీశాడు. నిన్న మనం చెప్పిందీ నిజమే, ఇవాళ చెప్పేదీ నిజమే. బిళ్ళ మందిరంలో మొదటి పెట్టెలోకి వెళుతుంది, మీ మామగారి పేరు గోడకెక్కుతుంది, నీ పేరు నీకుంటుంది, నా పేరు నాకుంటుంది. ఇంకేం కావాలి?"

విరోత్ ఏదో అనబోయేలోపలే కుంగ్ చేతులు జోడించుకుని, ఒళ్ళంతా పులకరించి, గడియ తీసి పరిగెత్తాడు. క్షణంలో మైకు మోగింది. మహిమ, మహిమ అని. హాలు నిండా జనం నేలమీద మోకరిల్లారు. తనోమ్ బిళ్ళని ముఖమల్ పళ్ళెంలో పెట్టి వేదిక ఎక్కాడు. బున్‌సొంగ్ అనే ఒక అమాయక పడవలవాడు నకిలీబిళ్ళని అసలుదని నమ్మి జీవితమంతా మోశాడని, ఆ నమ్మకానికి కరిగి స్వామి నిన్న రాత్రి దాన్ని అసలుదిగా మార్చాడని గద్గదంగా చెప్పాడు. కొందరు ఏడ్చారు. తర్వాత మైకు విరోత్ చేతిలో పెట్టారు.

వేదిక మీంచి విరోత్‌కి ఆఖరి వరసదాకా ప్రతి మొహమూ స్పష్టంగా కనపడింది. అందరూ వంగి ఉన్నారు. తలుపు దగ్గర లమై ఒక్కతే నిలబడి ఉంది. ఆవిడ మొహంలో కోపం కూడా లేదు. కల్లుపాక దగ్గర తండ్రిని ఏడిపించేవాళ్ళ మధ్య నిలబడ్డ పిల్లలా ఉంది. అవునని ఒక్క మాటంటే చాలు, విరోత్‌కి చచ్చేదాకా పేరుకి లోటుండదు. నిన్నటిదాకా బున్‌సొంగ్ అబద్ధాలకోరు, ఇవాళ్టినుంచి వెర్రివాడు, అంతే తేడా. ఆ తేడాతో సరిపెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. విరోత్ నోరు అవును అనడానికి తయారుగానే ఉంది. ఆ నోటిని నమ్ముకోలేక, జేబులోంచి గులాబీరంగు కళ్ళజోడు తీసి నలుగురిలో పెట్టుకున్నాడు. హాలంతా ఒక్కసారి గుసగుసలాడింది. మొహాలన్నీ మసకబారాయి, లమైది కూడా.

"బిళ్ళ మారలేదు," అన్నాడు. "మారింది మా కళ్ళు. నాకు చత్వారం వచ్చి అయిదేళ్ళయింది. ఈ అయిదేళ్ళూ నేను ఏ బిళ్ళా చూడలేదు, మీ మొహాలు చూసి చెప్పాను. చెయ్యి చాపితే స్వామి కనపడతాడన్నది నేను తప్పించుకోడానికి ఆడిన అబద్ధం. ఈ గీత స్వామి గియ్యలేదు. మట్టి పిసికిన బున్‌సొంగ్ చేతిలో చాకు జారి పడింది. ఆయన చెప్పింది నిజం, నవ్వినవాళ్ళందరిదీ తప్పు. నాది అందరికన్నా పెద్ద తప్పు."

ఎవరో ఒకరు రాళ్ళేస్తారనుకున్నాడు. అంతకన్నా ఘోరం జరిగింది. జనం అతన్ని చూసి జాలిపడ్డారు. విరోత్ కన్ను చచ్చిపోయిందని ఒకావిడ కంటతడి పెట్టుకుంది. కుంగ్ భుజంమీద చెయ్యి వేసి, గురువుగారు బాగా అలిసిపోయారని మైకులో చెప్పి, మెల్లిగా దింపాడు. అక్కడికక్కడే సంఘంవాళ్ళు కూడబలుక్కుని, కళ్ళజోడు పెట్టుకున్నవాడు విరోత్ పద్ధతికి పనికిరాడు గనక విరోత్‌ని బల్లమీంచి తప్పిస్తున్నామని, ఆ స్థానంలో కుంగ్ ఉంటాడని ప్రకటించారు. విరోత్ చేసిన సంతకమే చూపించారు.

ఈ గొడవలో లమై వేదిక ఎక్కడం ఎవరూ పట్టించుకోలేదు. పళ్ళెంలోంచి బిళ్ళ తీసి, దారానికి కట్టి, మెడలో వేసుకుంది. అప్పుడు తనోమ్ కంగారుపడి, అది మహిమగల బిళ్ళ తల్లీ, మందిరానికి చెందాలి అన్నాడు.

"ఇది మా నాన్న బిళ్ళ," అంది లమై. "మహిమగలది కావాలంటే ఇంకోటి చూసుకోండి."

అద్దాలపెట్టె ఖాళీగా మిగిలిపోయింది. రాత్రికి రాత్రి మారిన బిళ్ళ రాత్రికి రాత్రే వెళ్ళిపోయిందని ఇప్పుడు ఆ ఖాళీపెట్టెకే దణ్ణాలెక్కువ. మొన్న దాని ముందు తొక్కిసలాట జరిగితే తాళ్ళు కట్టారు. చేతులు చాపి మరీ చూస్తున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం బండిమీద ఇంటికి బయల్దేరారు. బజారు దాటేదాకా ఎవరూ వాళ్ళని పలకరించలేదు. విరోత్‌కి ఏదో మూల కాస్త గర్వం పుట్టింది. ఉన్న పేరంతా పోగొట్టుకుని నిజం చెప్పినవాడు ఈ జిల్లాలో ఇంకొకడున్నాడా? వెనక కూచున్న లమై ఆ మాట తనే అంటుందని వంతెన మధ్యదాకా చూశాడు. ఉండబట్టలేక తనే కదిపాడు.

"అందరి ముందూ చెప్పేశాను. విన్నావా?"

"విన్నాలే," అంది లమై. "దొంగదని నిన్న కూడా ఇంతే గట్టిగా చెప్పావు."